గాడి పూడ్చిన స్క్రూ

బండి పాతదే కానీ దాని చోక్‌కి ఏ రోగమూ లేదు. రోగమంతా దాన్ని నడిపే దర్జీ చేతిలో ఉంది.

ప్రతి ఆదివారం, బావమరిది మెకానిక్ షెడ్డు ఇంకో మలుపు ఉందనగా బండి ఆపేవాడు. అటూ ఇటూ చూసి, జేబులోంచి కుట్టుమిషను స్క్రూడ్రైవరు తీసి, హ్యాండిల్ మీదున్న చోక్ మీట స్క్రూని కాస్త వదులు చేసేవాడు. అంతే, మీట తెరిచిన చోట నిలవదు. జారిపోతుంది, చోక్ మూసుకుంటుంది, గాలందక ఇంజను నల్లటి పొగ కక్కి ఊరుకుంటుంది. అప్పుడు బండి నెట్టుకుంటూ, ఆయాసపడుతూ షెడ్డు ముందు తేలేవాడు. యాభై దాటిన మనిషి చేసే పనేనా ఇది? కాదు. కానీ భార్య పోయాక ఆయనకి ఆదివారం గడవడం లేదు.

"మళ్ళీ నిలవట్లేదురా," అనేవాడు అమాయకంగా.

"నీ బండికి సిగ్గు లేదు బావా, నీకు అంతకన్నా లేదు. అమ్మి పారేయ్," అనేవాడు బావమరిది చేతులు తుడుచుకుంటూ.

ఆ తిట్టు వినడానికే వచ్చేది. ఆ మాట విరుపు పోయినావిడదే. నవ్వేముందు కింది పెదవిని పంటితో పట్టుకోవడం ఆవిడదే. విసుగొస్తే ఎడమ కనుబొమ ఒక్కటే లేవడమూ ఆవిడదే. గ్రీజు మరకల వెనక, నెరిసిన గడ్డం వెనక అక్క మొహం అలా వచ్చి పోతుంటే, దర్జీ స్టూలు మీద కూర్చుని కళ్ళప్పగించి చూసేవాడు. ఇంట్లో ఫోటోలు లేవా అంటే ఉన్నాయి. ఫోటోలు తిడతాయా?

ఈ ఆదివారం బావమరిది తిట్టలేదు. మీటని దాని పట్టీతో సహా ఊడదీసుకుని లోపలికి పోయాడు. చాలాసేపు గ్యాసు మంట చప్పుడు, ఆపైన ఆకురాయి గీరుడు. తిరిగొచ్చి పట్టీని హ్యాండిల్‌కి బిగించాడు.

"అయిపోయింది బావా. ఇక చచ్చినా వదులవ్వదు."

దర్జీ వంగి చూశాడు. స్క్రూ తల మీద గాడి లేదు. స్క్రూ బిగించాక గాడిలో ఇత్తడి పోసి పూడ్చి, నున్నగా రాసేశాడు. స్క్రూడ్రైవరు ఆనించే చోటే లేదు.

"ఇదేంట్రా? రేపు అరిగితే ఎలా విప్పుతావు?"

"అరగదు. ఇంత దూరం నువ్వు ఇంక రానక్కర్లేదు."

"నాకేం కష్టం లేదురా..."

"నాకుంది బావా."

బావమరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అది తనంతట తాను వదులవ్వట్లేదని నాకు మొదటిసారే తెలుసు. ప్రతిసారీ గాడి అంచున కొత్త గీతే. పోనీలే, మనసు కుదుటపడేదాకా రానీ అనుకున్నాను. కానీ నువ్వు నన్ను చూడవు బావా, నాలో అక్కని చూస్తావు. నేను నవ్వితే నీకు కళ్ళనీళ్ళు. నువ్వెళ్ళాక నాకు అన్నం సయించదు. ఇంట్లో పిల్లల ముందు కూడా నవ్వబోయి ఆగిపోతున్నాను. అక్క నీకొక్కడికే పోయిందా? నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఎలా ఉన్నావురా అని ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. నిజంగానే అడగలేదు. ఇన్నాళ్ళూ ఆ స్టూలు మీద కూర్చుని తన దుఃఖం తాను తీర్చుకున్నాడే తప్ప, ఎదురుగా ఉన్నవాడికీ ఒక దుఃఖం ఉంటుందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తప్పయిపోయిందిరా," అన్నాడు.

"కొన్నాళ్ళు రాకు బావా. నాకు కాస్త తేలికపడ్డాక నేనే వస్తాను."

దర్జీ కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది. మీట తెరిచిన చోటే నిలబడింది. వెళ్ళేముందు ఆ మొహం ఒక్కసారి చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. చూస్తే మళ్ళీ ఆవిడే కనపడుతుంది. అందుకని బావమరిది చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ చెప్పే "వస్తానురా" నోటిదాకా వచ్చి ఆగింది.

"వెళ్తానురా," అన్నాడు, తల ఎత్తకుండానే బండి కదిలించాడు.