సిమెంటు బర్రెకు తలుగు

పోశాలు నిచ్చెన మీద నిలబడి బర్రె ముక్కు కడుగుతున్నాడు. వరంగల్ రోడ్డు మీద తిరిగే లారీలు ఎంత దుమ్ము లేపుతాయో ఆ రెండు ముక్కు రంధ్రాలకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలియదు. తడిగుడ్డ వేలికి చుట్టి లోపలికంటా తిప్పాడు. బకెట్లో పిండి మళ్లీ తిప్పాడు. అరవై మూడేళ్ల మనిషి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అయినా ముక్కు కడగనిదే ఛాయ్ ముట్టడు.

బర్రె సిమెంటుది. జనగామ దాటి కొంతదూరం పోయాక, ఎడమచేతి వైపు హోటల్ ముందు నిలబడి ఉంటుంది. ఆరడుగుల మనిషి తల వంచకుండా దాని కడుపు కింద నిలబడొచ్చు. నుదుటి మీద అరచేతి ఆకారంలో తెల్లటి మచ్చ. కుడి కొమ్ము చక్కగా వెనక్కి తిరిగి ఉంటుంది, ఎడమది చెవి మీదికి వాలి ఉంటుంది. మెడకు బొటనవేలంత లావు నైలాను తలుగు. దాని రెండో కొస భూమిలో పాతిన రాతి గుంజకు కట్టేసి ఉంటుంది. సిమెంటు బర్రెను కట్టేయడమేమిటని లక్నవరం పోయేవాళ్లూ, కాళేశ్వరం పోయేవాళ్లూ కార్లు ఆపి నవ్వుకుంటారు. ఫోటోలు దిగుతారు. కొందరు ఛాయ్ కూడా తాగుతారు.

పోశాలు నిచ్చెన దిగి గుంజ దగ్గరికి వచ్చి ముడిని రెండు చేతులతో పట్టి గట్టిగా లాగి చూశాడు. కదల్లేదు. రోజూ ఇట్లా చూడటం ఆయన పని. బర్రెను కడిగి రంగులెయ్యడానికి జీతమిచ్చే హోటల్ వాళ్లు చెప్పిన పని కాదు, తనకు తాను పెట్టుకున్న పని.

పోశాలు కోపంగా లేని రోజు ఒక్కటి చెప్పమంటే హోటల్లో ఎవరూ చెప్పలేరు. కానీ ఇవాళ్టి కోపం వేరు. మూడు రోజుల కింద హోటల్ యజమాని సాయికిరణ్ పిలిచి, ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పచ్చటి ఒళ్లు, ఇంతింత పళ్లు, తెరిచిన నోట్లో ఎర్ర లైటు.

"కాకా, బర్రెను సూడనీకె ఇప్పుడు ఎవలాగుతున్నరు? డైనోసార్ అయితె పోరగాండ్లు ఏడ్చయినా కారు ఆపిస్తరు. ఒళ్లంత తయారే ఉన్నది గద. తలకాయ మార్చి, తోక జర లావు చేస్తె అయిపాయె."

"నేను చెయ్య."

"నువ్వు చెయ్యకుంటె మానుకోట సాంసన్ చేస్తడు. జాగ నాది, బర్రె నాది. నిన్ను అడిగిన గదా, మర్యాదకు."

మర్యాద అన్న మాట వినగానే పోశాలు ఫోనును పక్కకు తోసేశాడు. ఈ సాయికిరణ్ లాగు వేసుకుని తిరిగే రోజుల్లో ఇక్కడ హోటల్ లేదు. వీడి తండ్రి రాజలింగం రేకుల కింద పెట్టుకున్న ఛాయ్ డబ్బా ఉండేది. ఆ డబ్బాకు పాలు పోసింది పోశాలు భార్య మణెమ్మ. పాలిచ్చింది బొల్లి బర్రె. నుదుటి మీద మచ్చ, వాలిన ఎడమ కొమ్ము, ఎవరినీ దగ్గరికి రానివ్వని పొగరు. పోశాలు నలభై ఏళ్లు ఊరూరూ తిరిగి గోడలకు సిమెంటు పూత పూసే గిలాబు పని చేశాడు. పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల ఉండదు. పాలు మాత్రం రోజూ ఉండేవి. కూతురు వనజ నర్సు చదువు చదివి భూపాలపల్లిలో కొలువు చేస్తున్నదంటే అది బొల్లి చలవే.

రోడ్డు వెడల్పయిన ఏడాది, ఒక పొద్దున బొల్లి తలుగు ఊడదీసుకుని రోడ్డెక్కింది. ఏదో కారు గుద్ది పోయింది. ఆపలేదు. పోశాలు జనగామలో స్లాబు పని మీద ఉండి, కబురంది వచ్చేసరికి బర్రె కాళ్లు బారచాపి పడి ఉంది. చుట్టూ ఊరి జనం. ఆ జనం ముందు ఆయన మణెమ్మను చూసి "ఎట్ల కట్టినవే దాన్ని? చేతులు పడిపోయినయా?" అని అరిచాడు. మణెమ్మ అరచేతులు చూసుకుంది. తాను కట్టిందో లేదో ఆమెకే గుర్తు లేదు. ఆ రోజు నుంచి తప్పు ఆమెదైపోయింది. వనజ కూడా తల్లిని ఎన్నోసార్లు అదే మాట అన్నది.

రాజలింగం మంచివాడు. బొల్లి పడిన చోటే దాని బొమ్మ చెయ్యమని సిమెంటూ చువ్వలూ తెప్పించాడు. నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా పోశాలు చేసినవన్నీ ఇంకొకరి గోడలు, ఇంకొకరి మెట్లు. ఇదొక్కటే తనది.

పది గంటలప్పుడు ఎర్ర కారొకటి ఆగింది. నల్ల కళ్లద్దాల యువకుడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు దిగారు. యువకుడు బర్రె చుట్టూ తిరిగి చూసి, బకెట్ పట్టుకుని నిలబడ్డ పోశాలును పిలిచాడు.

"తాతా, ఒక కొమ్ము వాలిపోయిందేంటి? మేస్త్రీ తాగి చేశాడా?"

"మేస్త్రిని నేనే. తాగి చెయ్యలే. దాని కొమ్మే గట్లుండె."

"సరే సరే. ఆ బకెట్ తీసుకుని కింద కూర్చో. పాలు పిండుతున్నట్టు చెయ్యి, వీడియో తీస్తాం. డబ్బులిస్తాలే."

పోశాలు బకెట్ కింద పెట్టాడు.

"నీసొంటోడే ఎవడో దీన్ని గుద్ది పోయిండు. ఆనాడు దిగి సూడలే. ఇయ్యాల దిగిండ్రు, సిమెంటుది గనక. పిండుతవా? నువ్వే కూసో. మీ ఆమె తీస్తది వీడియో."

కారు ఛాయ్ తాగకుండానే వెళ్లిపోయింది. సాయికిరణ్ గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, గిరాకీని తరిమేస్తున్నావని నలుగురి ముందు చెడామడా తిట్టాడు. పోశాలు బకెట్ తీసుకుని గుంజ దగ్గరికి నడిచాడు. నోరు తెరిస్తే ఏమంటాడో తనకే భయం. ఆ యువకుడి మీద కోపం, సాయికిరణ్ మీద కోపం, రోడ్డు మీద కోపం. వీటన్నిటి అడుగున ఇంకొక కోపం ఉంది, దాని ముఖం చూడటం ఆయనకు చాతకాదు.

మధ్యాహ్నం రెండింటికి సాంసన్ ఆటోలో దిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కటింగ్ మిషను, పరంజాకు వెదురు బొంగులు, పచ్చ రంగు డబ్బాలు దింపుకున్నాడు. పని మొదలుపెట్టకుండా బర్రె చుట్టూ ఒకసారి నడిచాడు. వెనక కాలు కీలు దగ్గర చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. మెడ ముడతలు వేలితో లెక్కపెట్టినట్టు చూశాడు.

"ఎవలు చేసిండ్రు దీన్ని?"

పోశాలు గుంజ మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యెత్తాడు.

"పెద్ద మేస్త్రీ, నేను పార్కులల్ల బొమ్మలు మస్తు చేసిన. గిసొంటి కాలు ఒక్కటి చెయ్యలే. నాకు దీన్ని కొయ్యబుద్ది అయితలేదు. కని నేను పోతె ఇంకొకడొస్తడు. వాడు సుత్తెతోని కొడ్తడు."

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాడు పోశాలు. రాలేదు. పొద్దుటి నుంచి ఈ బొమ్మను చూసి నవ్వనివాడు ఇతనొక్కడే.

సాంసన్ బొంగులు నిలబెట్టి తాళ్లతో కట్టడం మొదలుపెట్టాడు. చెయ్యి చురుకైనది. ఒక చుట్టు, ఒక మడత, ఒక లాగు, ముడి పడిపోతున్నది. పోశాలు కళ్లు ఆ వేళ్ల మీదే ఉన్నాయి. బొంగులన్నీ కట్టడం అయింది. సాంసన్ మిషను వైరు చేతిలోకి తీసుకున్నాడు.

"జర ఆగు తమ్మీ," అన్నాడు పోశాలు. "కట్టేసినదాన్ని కోస్తరా ఎక్కడన్న? ముడి ఇప్పనియ్యి."

గుంజ ముందు గొంతుకూర్చున్నాడు. నాలుగేళ్ల ముడి. మణెమ్మకు జ్వరం వచ్చి లేవలేని రోజుల్లో వేసినది. వానలకు తడిసి, ఎండలకు బిగిసి రాయైపోయింది. గోరు విరిగింది. పంటితో పట్టి లాగాడు.

"కోస్తె అయిపోతది గదా," అని సాంసన్ బ్లేడు తీశాడు.

"కొయ్యకు." కొంచెంసేపు ముడితో పెనుగులాడి, తల ఎత్తకుండానే అడిగాడు. "బొంగులకు గిప్పుడు నువ్వేసిన ముడి ఏంది?"

"జారుముడి. పనైనంక ఒక్క గుంజుడు గుంజుతె ఊడొస్తది. మన మేస్త్రీలందరు ఏసేదే గదా."

"మా ఆమెకు గా ముడి రాదు."

సాంసన్‌కు అర్థం కాలేదు. పోశాలు చెప్పుకుంటూ పోయాడు.

"ఆ పొద్దు స్లాబు కాడికి రమ్మని ఫోను మోగుతనే ఉన్నది. ఒక చేతుల ఫోను, ఒక చేతుల తలుగు. చేతికి అలవాటైన ముడి ఏసి ఉరికిన. బొల్లి ఒక్క గుంజుడు గుంజింది, ఊడొచ్చింది. నేనొచ్చినంక తలుగు సూసిన. మడత అట్లనే ఉన్నది. సూడంగనే నాకు ఎరికైంది. అప్పటికే అందరి ముంగట మణెమ్మను అనేసిన."

"మల్ల చెప్పలేదా ఆమెకు?"

"చెప్తె ఏమైతుండె? ఊరు నవ్వుతుండె, గంతే కదా. గా నవ్వుకు భయపడ్డ. జ్వరంల పడి ఉండి గూడ, బర్రెను కట్టేసినవా, బర్రెను కట్టేసినవా అని ఒకటే అడుగుడు. అది సచ్చిపోయిన ముచ్చటనే మర్సింది పిచ్చిది. ఈడికొచ్చి గిది కట్టిపోయి, కట్టేసిన అని చెప్పిన. నాది తప్పు అనే మాట నోట్లకు రాలే. గా మాట ఇనకనే పోయింది మణెమ్మ."

పళ్లు కొరుకుతూ చెప్పాడు. ఇన్నేళ్లుగా కార్ల మీదా, హోటల్ మీదా, ఊరి మీదా విసిరిన కోపమంతా ఇప్పుడు గొంతుకూర్చున్న తన మీదే పడింది, పడవలసిన చోటే పడింది.

సాంసన్ పక్కన కూర్చుని తాడు అవతలి కొస వదులుగా పట్టుకున్నాడు. ఇద్దరి చేతులు పడితే ముడి మెల్లగా సడలింది. పోశాలు చివరి మడత తప్పించి కొసను కింద పెట్టాడు. లేచి, బర్రె ముందుకాలు మీద అరచేతితో రెండుసార్లు తట్టాడు, కుడితి తాగిన బర్రెను తట్టినట్టు.

"ఇగ కొయ్యి."

మిషను శబ్దానికి హోటల్లోంచి జనం బయటికొచ్చారు. ఫోనులు పైకి లేచాయి. మొదట వాలిన కొమ్ము పడింది. పోశాలు అటు చూడలేదు. కుళాయి దగ్గర ముఖం, చేతులు కడుక్కున్నాడు.

"కాకా, రేపు జర జల్ది రా. రంగులెయ్యాలె," అని సాయికిరణ్ కేకేశాడు.

పోశాలు రోడ్డు వైపు నడిచాడు. రోజూ అయితే రోడ్డు దాటి అవతలి ఊళ్లో ఇంటికి పోతాడు. ఇవాళ రోడ్డు దాటలేదు. ఇవతలి అంచునే నిలబడి హనుమకొండ బస్సుకు చెయ్యెత్తాడు.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"భూపాలపల్లి పోవాలె. బిడ్డ దగ్గరికి. ఒక ముచ్చట చెప్పేదున్నది."

బస్సు కదిలింది. కిటికీ పక్కన కూర్చుని కూడా ఆయన వెనక్కి తిరగలేదు. మళ్లీ ఆ హోటల్ గడప తొక్కలేదు.

పొద్దు గూకేసరికి బర్రె తల కిందికి దిగింది. మెడ తెగిన చోట నుంచి తలుగు జారి దుమ్ములో పడింది. సాంసన్ సిమెంటు ముక్కలన్నీ తట్టకెత్తి పోసుకుని, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. రాతి గుంజ పక్కన పడి ఉన్న ఆ తాడు, ముడి ఉన్నంత మేర ఇంకా మెలి తిరిగే ఉంది.