ఫిరంగి సేక్ తిప్పిన చేప

మా హాంకాంగ్ వీధుల్లో అబద్ధానికి చాలా పేర్లున్నాయి. టీ తాగుతూ కోసే కోతల్ని ‘నీళ్లు ఊదడం’ అంటాం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మొహం మీద చెప్పే అసలు అబద్ధం ‘పెద్ద మాట’. దానికి చప్పుడూ పొగా తోడైతే ‘ఫిరంగి పేల్చడం’. మా మార్కెట్లో గొడుగులు బాగుచేసే సేక్ మూడోరకం మనిషి. అందుకే ఫిరంగి సేక్.

యాభై దాటాక వాడికి తోఫు అమ్మే లైహా మీద మనసైంది. ఆమె భర్త పోయి చాన్నాళ్లయింది. తండ్రేమో పడవలో పుట్టి, పడవలోనే పెళ్లాడిన మనిషి. గట్టు మీద బతికేవాళ్లను లెక్కచెయ్యడు. దాంతో సేక్ ఒక ఫిరంగి పేల్చాడు, పడుచుతనంలో తాను చేపల పడవ మీద వంటవాణ్ణని. ముసలాయన ఆదివారం భోజనానికి పిలిచాడు. సేక్ నన్ను సాక్షిగా లాక్కెళ్లాడు. పంది మాంసం కొట్టి అమ్ముకునే నేను ఇలాంటి వాటికే అందరికీ గుర్తొస్తాను.

“నిజమేనా చుంగ్?” అన్నాడు ముసలాయన నాతో.

“వీడి వంట తిని ఇంకా బతికే ఉన్నాను కదా, పెద్దాయనా.”

అల్లం వేసి ఉడికించిన పెద్ద చేప వచ్చింది. పైవైపు కండ అయిపోగానే సేక్ మర్యాదగా లేచి, చేపను బోర్లా తిప్పేశాడు.

ముసలాయన గిన్నె కింద పెట్టాడు. పడవవాళ్ల ఇంట్లో చేపను తిప్పితే పడవను బోల్తా కొట్టించినట్టే. ముల్లు తీసి కింది కండ తింటారు గాని, తిప్పరు. అక్కడ పాలు తాగే పిల్లకూ తెలిసిన సంగతి.

“మీ పడవ ఎన్నిసార్లు మునిగింది, సేక్‌గారూ?” అంది లైహా, నవ్వకుండా.

“ఒక్కసారే. అందుకే మానేశాను.”

“ఈదుకుంటూ వచ్చారా?”

“గొడుగు పట్టుకుని…” అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. “అవతలి గట్టున ఉన్న కౌలూన్‌కి వెళ్లే పడవెక్కినా నాకు వాంతులే, మామా. వంట కూడా రాదు. గుడ్డు ఉడకబెడితే పగులుతుంది.”

ముసలాయన చాప్‌స్టిక్‌తో చేపను చూపించాడు. “ఈ ముక్క ముందే చెప్పుంటే నా చేప బాగుండేది. మామా అని అప్పుడే అనకు.”

సేక్ కంగారుగా చేపను మళ్లీ సరిచెయ్యబోయాడు. లైహా వాడి చేతి మీద చాప్‌స్టిక్‌తో కొట్టింది.

“చాలు, రెండోసారి ముంచకండి. గుడ్లు నేను ఉడకబెడతాను, మీరు గొడుగులు చూసుకోండి.” పొట్టభాగం తీసి వాడి గిన్నెలో వేసింది. తర్వాత నావైపు తిరిగింది.

“మరి సాక్షిగారూ, ఆ వంట ఎప్పుడు తిన్నారు?”

నేను టీ తాగాను. నా గిన్నెలో తోక పడింది. అన్నీ ముళ్లే. తిన్నాను.