నేల కనిపిస్తే అమ్మ తీసిందే

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు: ముందుగదిలో పేపరు చదువుతూ నాన్న, కిటికీ పక్క మంచం మీద నాయనమ్మ, కొత్త టీవీ వెనక వైర్లతో కుస్తీ పడుతూ అన్నయ్య, వాడికి టార్చి పట్టుకుని నేను. అమ్మ వంటింట్లో ఉంది. అమ్మని వేరే వాక్యంలో రాశానని ఇప్పుడే చూసుకున్నాను. ఉండనీ. మా ఇల్లు కూడా అలాగే ఉంటుంది.

నాన్నకి ప్రమోషన్ వచ్చింది. సాయంత్రం ఆఫీసు వాళ్ళు టీకి వస్తున్నారు. పాత కెమెరాలోవీ, ఫోన్లలోవీ మా ఇంటి వీడియోలన్నీ అన్నయ్య ఒక చిన్న డబ్బాలాంటి డిస్కులోకి ఎక్కించి తెచ్చాడు. వాటిని టీవీలో ఒక లైబ్రరీగా పెడితే, సినిమాల యాప్‌లో లాగా వరసగా బొమ్మలు కనిపిస్తాయట. రిమోట్ నొక్కితే చాలట. లైబ్రరీ అన్న మాట నాకు నచ్చింది. నేను చదివిన ఊరి బడిలో లైబ్రరీ అంటే తాళం వేసిన బీరువా. తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గరుందని మా అందరికీ తెలుసు, ఎక్కడుందో ఆయనకే తెలియదు.

"మౌనం గారూ, మిగతాది మీరు చూసుకోండి. ఎలాగూ ఖాళీయేగా," అని అన్నయ్య ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టాడు. నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి వాడు నన్ను అలా పిలుస్తాడు. అప్పటికి నేను నాయనమ్మకి స్నానం చేయించి, తడి బట్టలు ఆరేసి వచ్చాను. కానీ కుర్చీలో కూర్చున్నాను కదా. మా ఇంట్లో కుర్చీలో కూర్చున్న అబ్బాయి ఆలోచిస్తున్నట్టు, కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఖాళీగా ఉన్నట్టు.

మొదట తప్పు చేశాను. కొత్త లైబ్రరీలో ఏముంటాయని ల్యాప్‌టాప్ అడిగింది. సినిమాలు, పాటలు, సొంత వీడియోలు అని మూడు గడులు చూపించింది. వీడియోలంటే సినిమాల్లాంటివే కదా అని మొదటిది నొక్కాను. అది మా ఫైళ్ళ పేర్లు చూసి, ఏ సినిమా పేరుకి దగ్గరగా ఉంటే ఆ పోస్టరు తగిలించేసింది. నాయనమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన వీడియోకి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తుపాకీ గురిపెట్టిన మనిషి వచ్చాడు. అన్నయ్య మొదటిసారి బోర్లాపడిన వీడియోకి మునిగిపోతున్న ఓడ వచ్చింది.

"ఒసే, నేనెప్పుడే తుపాకీ పట్టాను?" అని నాయనమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "పట్టుంటే ముందు మీ తాతనే కాల్చేదాన్ని."

అన్నీ పోయాయేమో అనుకున్నాను. లైబ్రరీ తీసేసినా ఫైళ్ళు పోవని అన్నయ్య చెప్పాక, తీసేసి మళ్ళీ పెట్టాను. ఈసారి సొంత వీడియోలు అని నొక్కాను. సొంత వీడియోలైతే అది పేరు కోసం ఎక్కడా వెతకదు. వీడియో మధ్యలోంచి ఒక బొమ్మ తీసి పెడుతుంది, కింద పేరు మనమే రాయాలి. ఎవరికీ తెలియని మనుషులకి పేరు ఇంట్లోవాళ్ళే పెట్టుకోవాలన్నమాట.

"చూడమ్మా," అన్నారు నాన్న పేపరు వెనకనుంచి, "మీ అమ్మ తీసినవి మాత్రం పెట్టకు. పెద్దసారు వస్తున్నారు, పరువు పోతుంది."

"ఏవి అమ్మ తీసినవో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"నేల కనిపిస్తే అమ్మ తీసిందే."

అన్నయ్య పగలబడి నవ్వాడు. వంటింట్లో గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది.

ఇది మా ఇంట్లో పాత జోకు. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా కెమెరా అమ్మ చేతికిచ్చేవారు, ఎందుకంటే తక్కినవాళ్ళందరూ వీడియోలో ఉండాలి. ఎర్ర బటన్ ఒకసారి నొక్కితే మొదలవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. నాన్న ఆన్ చేసి ఇచ్చేవారు. అమ్మకది తెలియదు. తీయాల్సిన సమయానికి అమ్మ నొక్కేది, అది ఆగిపోయేది. అయిపోయిందని మళ్ళీ నొక్కేది, అప్పుడు మొదలయ్యేది. అందుకే ఆ వీడియోల్లో అన్నయ్య బహుమతి తీసుకోవడం ఉండదు, నాన్న ఉపన్యాసం ఉండదు. ఉన్నదంతా ఆ తర్వాతది: నేల, మెట్లు, అమ్మ చెప్పులు. అప్పటినుంచి మా ఇంట్లో ఏది చెడినా దాని పేరు 'అమ్మ వీడియో'. కూర మాడితే అమ్మ వీడియో. అన్నయ్య లెక్కల పరీక్ష తప్పినప్పుడు కూడా, "అమ్మ వీడియో అయిపోయింది నాన్నా," అంటే నాన్న కోపం మరిచిపోయి నవ్వేశారు. అమ్మ కూడా నవ్వింది. అమ్మ ఎప్పుడూ నవ్వుతుంది.

తీసేయడానికైనా ముందు చూడాలి కదా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను. అన్నయ్య బహుమతి రోజున మట్టిదారి మీద అమ్మ చెప్పులు నడుస్తున్నాయి. "తీశావా?" అని నాన్న గొంతు. "తీశానండీ, మొత్తం వచ్చింది," అని అమ్మ గొంతు. ఆ గొంతు నిండా సంతోషం. ఇంటికెళ్ళి చూసేదాకా ఉండే సంతోషం. ఇంకోదాంట్లో మెట్లు, ఒక సంచి, ఇంకో సంచి, మధ్యలో నాయనమ్మ గొంతు: "వెనకబడతావేం, కాళ్ళు లేవా?" అన్ని వీడియోల్లోనూ అమ్మ చేతిలో కెమెరాతో పాటు ఏదో ఒక బరువు ఉంది. బటన్ దగ్గర వెలిగే దీపం చూసుకోవడానికి ఆ మనిషికి ఇంకో చెయ్యి ఏది?

తర్వాతది నేల కాదు, గోడ. కెమెరాని ఎవరో వంటింటి అలమరలో పెట్టి మరిచిపోయారు. పొయ్యి అంచు, గోడ మీద ఒక తడి మరక కనిపిస్తున్నాయి. నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. ఆ చప్పుళ్ళ మధ్య ఎవరో ఆడమనిషి నమస్కారమండీ అంది. ఎవరో చుట్టాలావిడ అనుకున్నాను. ఆమె తన పేరు చెప్పింది. అప్పుడు తెలిసింది, అది అమ్మ.

ఆ పేరుతో అమ్మని మా ఇంట్లో ఎవరూ పిలవరు. నాన్న ఏమోయ్ అంటారు, నాయనమ్మ ఏమ్మాయ్ అంటుంది, మేం అమ్మా అంటాం. గిన్నెలు తోముతూ అమ్మ ఆ పేరు మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి చివర నవ్వు కలిపి. ఎలా చెబితే బాగుంటుందో చూసుకుంటోంది. "చిన్నపిల్లలకి చదువు చెప్పడమంటే నాకిష్టమండీ. అల్లరి చేస్తే ఏం చేస్తానంటారా? ముందు నేనే వాళ్ళతో కాసేపు అల్లరి చేస్తానండీ." తర్వాత తనలో తాను, "ఇది బాగాలేదు, తీసెయ్యాలి," అంది. నాకు అదే బాగుంది.

ఒక పసిపిల్ల ఏడుపు వినిపించింది. అది నేనే. అడుగుల చప్పుడు, నాన్న గొంతు: "ఇంటర్వ్యూ అంటున్నావు. వెళ్తే నేను వద్దంటానా? నీ ఇష్టం. పసిపిల్ల ఉంది, మా అమ్మకి చేతకాదు. ఆలోచించుకో. నీ ఇష్టం." అమ్మ అంది, "నాకు వెళ్ళాలనుందండీ." నాయనమ్మ, "పిల్లని నా నెత్తిన పెట్టా?" అంది. అమ్మ మళ్ళీ అంది, "పొద్దున్నే వంట చేసే వెళ్తానత్తయ్యా." నాన్న, "చెప్పాగా, నీ ఇష్టమని," అన్నారు. నీళ్ళు చాలాసేపు పడ్డాయి. కుళాయి కట్టేసిన చప్పుడు. "సరేలెండి, వెళ్ళను." వెంటనే నాన్న, నాయనమ్మతో, ఎంతో తేలిగ్గా: "చూశావామ్మా? తనకే ఇష్టం లేదు."

ఆ చివరి మాట నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మా అమ్మకి ఉద్యోగం ఇష్టం లేదని మా చుట్టాలందరికీ తెలుసు.

ఇంకో సంగతి కూడా రాయాలి. పట్నం కాలేజీలో నాకు సీటొచ్చింది, హాస్టల్లో చోటు కూడా. సోమవారం, అంటే మర్నాడు, వెళ్ళి చేరకపోతే పోతుంది. కిందటి వారం నాన్న అన్నారు: "వెళ్తానంటే నేను వద్దంటానా? నాయనమ్మని లేపాలి, కూర్చోబెట్టాలి, మీ అమ్మకి నడుం నొప్పి. ఆలోచించుకో. నీ ఇష్టం." నేను ఆలోచించుకుంటున్నాను. ఇక్కడే ఏదో ఒకటి చదువుకుంటానులే నాన్నా అనే మాట నోటిదాకా వచ్చి ఉంది. బయటికి రాకపోవడానికి కారణం నాకు మాటలు త్వరగా రాకపోవడమే.

ఇయర్‌ఫోన్లు తీసేశాను. అమ్మవన్నీ లైబ్రరీలోకి ఎక్కించాను. గోడ ఉన్నదాని కింద పేరు రాయమని అది అడిగితే, 'నీ ఇష్టం' అని రాశాను.

సాయంత్రం ముందుగది నిండిపోయింది. పెద్దసారు సోఫాలో, అకౌంట్స్ మేడం కుర్చీలో, ఇంకొందరు గోడవారగా కూర్చున్నారు. అమ్మా నేనూ టీలు అందిస్తున్నాం. అన్నయ్య టీవీ పెట్టి రిమోట్ మేడం చేతికిచ్చాడు. నాయనమ్మ ఆపరేషన్, అన్నయ్య సైకిల్, అందరూ చూసి నవ్వారు. మేడం ఇంకా కిందికి వెళ్ళారు.

"ఇదేంటండీ, 'నీ ఇష్టం'? ఏదో సినిమా పేరులా ఉందే!"

నాన్న కళ్ళద్దాలు సర్దుకునేలోపు ఆవిడ నొక్కేశారు. గోడ వచ్చింది, పొయ్యి అంచు వచ్చింది. గిన్నెల చప్పుడులోంచి అమ్మ గొంతు నమస్కారమండీ అని, పేరు చెప్పింది. టీ కప్పుల పళ్ళెంతో అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎవరండీ, ఎంత బాగా మాట్లాడుతున్నారు!" అన్నారు పెద్దసారు.

"మా ఆవిడేనండీ. కెమెరా ఆపడం రాదు, అదో జోకు మా ఇంట్లో," అని నాన్న లేచి వెళ్ళి ఆపేశారు. ఏడుపు దాకా రాకుండానే ఆగిపోయింది.

అమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. తిడుతుందనుకున్నాను.

"మిగతాది కూడా ఉందా అందులో?" అంది.

"ఉందమ్మా."

"నేనేమన్నాను?"

"వెళ్ళాలనుందన్నావు. వంట చేసే వెళ్తానన్నావు. ఆ తర్వాత సరేలెండి అన్నావు."

అమ్మ పొయ్యి కట్టేసింది. మళ్ళీ వెలిగించింది. "వినీ వినీ," అంది, "వద్దన్నది నేనేననుకున్నానే ఇన్నేళ్ళూ."

అంతలో ముందుగదిలోంచి నాన్న పిలిస్తే వెళ్ళాను.

"మా అమ్మాయండీ. పట్నంలో సీటొచ్చింది. నేను వెళ్ళమనే అన్నాను. తనకే ఇష్టం లేదు, ఇంటి మీద బెంగ."

"అవునా అమ్మా?" అన్నారు పెద్దసారు.

అందరూ నా వైపు తిరిగారు. నేను నేల వైపు చూశాను. మా ఇంటి నేల నాకు బాగా తెలుసు, పొద్దుటినుంచీ అదే చూస్తున్నాను.

"ఇష్టమేనండీ," అన్నాను.

"ఏమంటోంది?" అన్నారు మేడం.

"నాకు ఇష్టమేనండీ. వెళ్తాను. రేపే చేరాలి."

అన్నయ్య నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. "మౌనం గారేనా?" అన్నాడు.

నాన్న అందరికంటే ముందు నవ్వారు. "చూశారా! టీవీతో పాటు మా అమ్మాయికి మాటలూ కొత్తగా వచ్చాయి." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, అలాగే నిలబడ్డాను. నవ్వులయ్యాక కూడా నిలబడే ఉన్నాను. నాన్నకి ఏదో ఒకటి అనక తప్పలేదు.

"సరే అమ్మా. నీ ఇష్టం."

ఆ మాట వెనక ఎప్పుడూ వచ్చేది ఈసారి రాలేదు. నాయనమ్మని లేపడం, అమ్మ నడుం, ఆలోచించుకోవడం, ఏవీ రాలేదు. పెద్దసారు ముందు రావడానికి వీల్లేదు. నేను ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకున్నాను.

వాళ్ళు వెళ్ళిపోయాక, "ఒసే పిల్లా, కప్పులన్నీ తియ్యి," అంది నాయనమ్మ. తీశాను. పళ్ళెం నిండా కప్పులు పెట్టుకుని వంటింటి దగ్గరికి వెళ్ళాను. సింకు నిండా గిన్నెలున్నాయి. అమ్మ వాటిని వదిలి గుమ్మం దగ్గరికొచ్చి, పళ్ళెం నా చేతుల్లోంచి తీసుకుంది. నేను కుర్తా చేతులు పైకి మడుచుకుని లోపలికి అడుగు వేయబోయాను.

"ఎక్కడికి?"

"కడుగుతానమ్మా."

"పెట్టె సర్దుకో, పో."

మా వంటింటి తలుపు ఎప్పుడూ మూయం. దాని వెనక చీపురు, గొడుగు, ఖాళీ సంచులు ఉంటాయి. అమ్మ వాటిని కాలితో పక్కకి నెట్టింది. చెక్క ఉబ్బి బిగుసుకుపోయి తలుపు కదల్లేదు. అమ్మ భుజం ఆనించి తోసింది. తలుపు నా ముఖం మీదే మూసుకుంది, లోపల గడియ పడింది.