నాబు ఎవరు తిప్పారు?

కారు స్పీకర్ల షాపులో డిక్కీ మూత ఎత్తిన కోడలు లోపలికి వంగి చూసింది: క్రాసోవర్ నాబు కదలకుండా తను పొద్దున గోళ్ళరంగుతో వేసిన సీలు పగిలి ఉంది, ఐదువేల హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన నాబు వెయ్యి దగ్గర నిలబడి ఉంది.

నాలుగింటికి కారు ఓనరు వస్తాడు. వచ్చీ రాగానే సౌండు నిండుగా పెడతాడు. క్రాసోవర్ పని ఎవరి వాటా వాళ్ళకు పంచడం. బరువు శబ్దాలు డిక్కీలోని పెద్ద స్పీకరుకు, గొంతులు తలుపుల్లో ఉన్నవాటికి, సన్నటివి, అంటే నాబు చూపే అంకెకు పైవి, బొత్తాంలాంటి ట్వీటర్లకు. నాబు వెయ్యికి దిగిందంటే గొంతుల బరువు కూడా ట్వీటర్ల నెత్తినే. రెండు పాటలు పూర్తికాకముందే మాడిపోతాయి.

"ఈ కారు సరిగ్గా పలికితే ఇక షాపులో ట్యూనింగంతా నీదేనమ్మా" అని మామగారు నిన్ననే అందరి ముందూ అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పని ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి. అది గిట్టనిదెవరికి?

ముందు మొగుణ్ణి నిలదీసింది.

"నేనా? నీ సామాను ముట్టుకుని బతికి బట్టకట్టినవాడు ఎవడన్నా ఉన్నాడా?"

"మరి మీరు, బాబాయ్?"

సీటు కింద నుంచి వైరింగ్ బాబాయి గొంతు వచ్చింది. "భోజనానికి తప్ప పొద్దున్నుంచీ ఇక్కడే పడున్నా తల్లీ. నా కాళ్ళు తప్ప నన్నెవరైనా చూశారా?"

కౌంటరు దగ్గర మామగారు పేపరు మడిచాడు. "ఎవడో గిట్టనివాడి పనే అమ్మాయ్. కనిపెడదాం, బెంగపడకు."

ఆమె నాబును ఐదువేలకు తిప్పి, సీలు వేయబోయి ఆగింది. పాడుచేద్దామనుకున్నవాడు వైరు పీకేస్తాడు, లేదా నాబును చివరిదాకా తిప్పేస్తాడు. వీడెవడో కొంచెం కొంచెంగా తిప్పుతూ, వింటూ, వినపడగానే ఆపేశాడు. అంటే ఐదువేల దగ్గర వాడికి వినపడలేదు.

ఆమెకు నవ్వాగలేదు.

"అందరూ ఒక్కసారి ఇటు రండి. ఉత్త ట్వీటర్లే మోగిస్తాను."

మిగతా స్పీకర్లు ఆపి, ఎనిమిదివేల స్వరం వదిలింది. మొగుడు చెవులు మూసుకుని గోడవైపు తిరిగాడు. బాబాయి గబుక్కున లేవబోయి సీటుకు తల బాదుకున్నాడు. మామగారు మాత్రం కారు తలుపు మీద చెయ్యేసి ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.

"ఊఁ, వెయ్యమ్మా మరి" అన్నాడు.

ఆమె స్విచ్చి నొక్కింది. "వేశాను, ఆపేశాను కూడా మామయ్యగారూ."

ఆయన కోడలినీ, చెవులు రుద్దుకుంటున్న కొడుకునూ చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నేనేనమ్మా. మీరు భోజనాలకు వెళ్ళినప్పుడు ఒక్కో స్పీకరూ విడిగా పెట్టి చూశాను, పాత అలవాటు కదా. ట్వీటర్లు పలకలేదు. వైర్లు చూస్తే బాగానే ఉన్నాయి. నాబు తిప్పుతూ పోయాను, వెయ్యి దగ్గర కుయ్యిమంది. హమ్మయ్య, కోడలి తప్పు గుట్టుగా దిద్దేశాననుకున్నా. లోపం నా చెవిలో ఉందేమోనని తోచకపోలేదు. కానీ నీ పని తప్పనుకోవడమే సుఖంగా అనిపించింది. గిట్టనివాడన్నది కూడా నేనే కదా, అన్నాక, నిజంగానే ఎవడో తిప్పాడని నాకే నమ్మకం కుదిరింది. సీలు వేసెయ్. ట్యూనింగ్ ఇక నీదే. ఓనరు వచ్చాక నీ పక్కన నిలబడి, బ్రహ్మాండంగా ఉందని తల ఊపుతాను. ఎప్పుడు ఊపాలో కాస్త సైగ చెయ్యి, చాలు."