కడుపులో ఉన్నన్నాళ్లు

ఉడికిన గుడ్లను చన్నీళ్లలో వేసి, ఒక్కొక్కటే పెంకు వలుస్తోంది ప్రశాంతి. వేములపల్లి అంగన్‌వాడీలో ఆయా పని ఆమెది. పుల్లల్లాంటి చేతులు, బొమికలు తేలిన మెడ. మూడో నెల కడుపు ఇంకా చీర మాటునే ఉంది. వరసగా కూర్చున్న గర్భిణులకు అన్నం, పప్పు, గుడ్డు వడ్డించి, పాల గ్లాసులు అందించింది. తన పళ్లెం తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. ఉత్తన్నం రెండు ముద్దలు మింగి, పప్పూ గుడ్డూ గోడవతల కుక్కకు వేసింది. పాలు మోరీలో పారబోసింది. కడుపు నిలిచిన దగ్గర్నుంచీ ఇదే వరస.

మొదటి బిడ్డ బొద్దుగానే పుట్టాడు. వారం తిరగకముందే చన్ను పట్టడం మానేశాడు. ఉచ్చగుడ్డలు కాలిన బెల్లం వాసన వేసేవి. అత్త జానమ్మ ఆ వాసన చూసి, నా మనుమడు తియ్యటోడని మురిసింది. తర్వాత బిడ్డ విల్లులా వంగి, మళ్లీ కన్ను తెరవకుండానే పోయాడు. పాలలోని ప్రొటీన్ వాడి ఒంట్లో సరిగా మారక విషమైందని, మేనరికంలో ఇలాంటివి ఎక్కువని పెద్ద దవాఖానలో చెప్పారు. జానమ్మ ఆమెకు సొంత మేనత్త. ప్రశాంతికి అవేవీ తలకెక్కలేదు. తన పాలే చంపాయన్నది ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం గిన్నెల దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. టీచర్ శోభ పరుగున వచ్చి లేపింది. మోరీలో తెల్లటి నీళ్లు చూసి నిలదీసింది. ప్రశాంతి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను తింటే గది బిడ్డకే పోతది గద టీచర్. మళ్ల నా చేతులతోనే సంపుకోవాల్నా?"

శోభ ఆమెను ఆటోలో మిర్యాలగూడ తీసుకుపోయింది. డాక్టరమ్మ మొదటి బిడ్డ పాత కాగితాలు చదివింది. తల్లి తిన్న ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోతుందని, బిడ్డ గుండె, మెదడు వాటితోనే తయారవుతాయని, తల్లి తినకపోతే ఆమె కండే కరిగి బిడ్డకు పోతుందని చెప్పింది.

"కడుపుల ఉన్నన్ని రోజులు బిడ్డకు ఎక్కువైనది నీ రక్తంలకొస్తది. నీ ఒళ్లే దాన్ని సరిజేస్తది. భయం పుట్టినంకనే. ముందే తెలుసుకునే పరీక్ష హైదరాబాద్‌ల ఉంది, మూడో నెల దాటకముందే చెయ్యాలె, ఇయ్యాలనే పోండి."

ఈ బిడ్డకూ ఆ జబ్బు ఉంటే ఏమిటని ప్రశాంతి అడగలేదు. అడిగితే నిజమవుతుందేమోనని కాగితాలు మడిచి కొంగులో చుట్టుకుంది.

అంగన్‌వాడీకి తిరిగొచ్చి, వద్దన్నా వినకుండా మిగిలిన గిన్నెలు తోమింది. శోభ ఇచ్చిన గుడ్డును గోరంత గోరంత తుంచుకుని తింది. ప్రతి ముద్దకూ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఎప్పటికీ లోపలనే ఉంటె మంచిగుండు టీచర్" అంది.

శోభ ఫోన్ చేస్తే, రైసుమిల్లు నుంచి భర్త రవీందర్ ఊకదుమ్ము తలతోనే వచ్చాడు. ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు. కిటికీలోంచి ఆమె వెనక్కి చూడలేదు.

శోభ తలుపు వేయబోతూ నల్లా దగ్గర ఆగింది. గిన్నెలు తోమేటప్పుడు ప్రశాంతి తీసిపెట్టిన ఆకుపచ్చ మట్టిగాజులు, సబ్బు నురుగు ఆరిపోతూ, తడి బండ మీదే ఉన్నాయి.