పారమ్మ గొంతు చదివిన తల

నేను ఒక చదువరిని. అయినా చదివిన ఒక్క ముక్కకూ అర్థం తెలియదు. హార్డ్ డిస్కులో గిర్రున తిరిగే పళ్ళెం మీద, దాన్ని తాకీ తాకనంత ఎత్తున తేలే తలను.

దుమ్ము సోకని గదిలో, ముసుగులు కట్టుకున్న మనుషులు నన్ను చేశారు. రెండు అయస్కాంతపు పొరలు, మధ్య పల్చటి రాగి పొర. ఒకటి మొండిది, దాని అయస్కాంతపు దిక్కు మారదు. రెండోదాని దిక్కు పళ్ళెం మీది గుర్తులను బట్టి అటూ ఇటూ తిరుగుతుంది. ఎలక్ట్రాన్లకు స్పిన్ అనే గుణం ఉంది. దానికి తెలిసినవి రెండే దిక్కులు. పొరలు రెండూ ఒకే వైపు చూస్తే, ఆ వైపు స్పిన్ ఉన్నవి హాయిగా దాటిపోతాయి, నిరోధం తగ్గుతుంది. పొరలు పెడమొహాలు పెట్టుకుంటే, ప్రతిదీ ఎక్కడో ఒకచోట దెబ్బ తింటుంది, నిరోధం పెరుగుతుంది. మీ పెళ్ళిళ్ళూ పాటలూ నాకు ఆ హెచ్చుతగ్గులే.

సాలూరులో తవిటినాయుడి రికార్డింగు స్టూడియోకు చేరాను. అక్కడికే పారమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుగా, జముకు వాయిద్యం మోతకు పాడుతూ జముకుల కథ చెప్పిన మనిషి. గొంతులో పుండు, నాలుగు రోజుల్లో ఆపరేషన్. రెండు రోజులు ఆపకుండా పాడి, గొంతంతా మా పళ్ళెం మీద పెట్టి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు మెడకు చిల్లు ఉంది, మాట లేదు. తన పాట తాను విని, బల్ల మీద వేళ్ళతో తాళం వేసింది. ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది.

"పెన్ డ్రైవు అట్రాప్పా, పాట ఏసిస్తాను," అన్నాడు నాయుడు, అక్కను పిలిచినట్టు. తెచ్చి ఇచ్చింది. "పండగెల్నాక రా," అన్నాడు. ఇంకో కాపీ చేసి ఉంచుకోవాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

దసరా ఆయుధపూజ. మిగతావాళ్ళు యంత్రాలను ఆపి బొట్టు పెడతారు. మా నాయుడి పట్టింపు వేరు. "కళ్ళు మూసుకున్నదానికి దండమెట్టి లాభమేటి?" అని, కంప్యూటరును యూపీఎస్‌తో సహా, నడుస్తుండగానే పూజ గదికి మోశాడు. గడపకు కాలు తగిలింది. పెట్టె నేలకు కొట్టుకుంది. నేను పళ్ళెం మీద పడ్డాను. అది ఆగేలోపు, ఎన్నోసార్లు చదివిన ఆ గొంతును నేనే గీకి పొడి చేశాను.

డిస్కును విప్పి బల్ల మీద పడేశాడు. వారానికి పారమ్మ వచ్చింది. నాయుడికి నిజం చెప్పే ధైర్యం చాలలేదు. వేరే కంప్యూటరులో అదే కథ, మరో బృందంలోని ఆవిడ పాడింది పెట్టాడు. పారమ్మ వేళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి, ఆగిపోయాయి. అయినా చివరిదాకా కూర్చుని వింది.

"అప్పా, తప్పయిపోనాది. నీది పోనాదప్పా," అని నాయుడు ఏడ్చాడు.

ఆమె అతని వీపు నిమిరింది. ఖాళీ పెన్ డ్రైవును కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను పాత ఇనుము సంచిలో ఉన్నాను. ఆ గొంతును ఆఖరుసారి చదివింది నేనే. అడగకండి, ఒక్క చరణమూ గుర్తులేదు. దాచుకునే చోటు నాలో ఎవరూ పెట్టలేదు.