మైకు కోసం దాచిన ఎకో

బావ పోయి రెండో నెల నడుస్తోంది. ఆ మధ్యాహ్నం అక్క వంటింటి గుమ్మంలో తడి చేతులు తుడుచుకుంటూ నిలబడి, "ఆయన సగంలో వదిలేసిన పాట ఉంది కదరా, అది పూర్తి చేసి పెట్టు. నీ తెలివితేటలేం చూపించకు. ఆయన ఎలా అనుకున్నాడో అలాగే ఉండాలి," అంది.

తమ్ముడు సరేనన్నాడు. కీబోర్డు మీద వేళ్ళు పెట్టడం అతనికి నేర్పింది బావే, పాటలు రికార్డు చేసుకునే ఈ వెనక గదిలోనే. బావ మనసులో ఏముందో తనకి కాక ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

కీబోర్డు మీది తువ్వాలు తీసి, పాట తెరిచాడు. డ్రమ్స్, బేస్, గిటారు, వయొలిన్లు, ఒక్కో ట్రాకూ బావ విడివిడిగా వాయించి పేర్చుకున్నదే. చివరి ట్రాకులో మాత్రం పాట వరుస ఉత్త పియానోలో ఉంది. ఏమీ ఎంచుకోకపోతే ఆ కీబోర్డు పెట్టె తనంతట తాను ఇచ్చే వాయిస్, అంటే వాయిద్యం గొంతు, అది. వరుస వాయించాడు గానీ వాయిస్ తేల్చుకోకుండానే పోయాడన్నమాట. ఈ ట్రాకుల్లో దాచుకునేది చప్పుడు కాదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో, అంతే. వాయిస్ తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అంటే బావ వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి.

పెట్టెలో వందల కొద్దీ వాయిస్‌లున్నా పాట వరుసకి బావ వాడేవి ఐదే. "మిగతావి పెళ్ళికొచ్చిన చుట్టాలురా, పలకరించి పంపించెయ్యాలి," అనేవాడు. తోటివాళ్ళు ఆయన్ని ఐదు వాయిస్‌ల మాస్టారని ఏడిపించేవారు. తమ్ముడు వాటినే ఒక్కోటీ వేసి చూడసాగాడు. వయొలిన్ పెడితే పాట ముక్కు చీదుతున్నట్టుంది. శాక్సఫోన్ పెడితే మరీ షోకు చేసుకున్నట్టుంది.

దానికి తోడు ఎఫెక్టుల గొడవ. ఆ పెట్టెలో మంచి ఎకో ఒక్కటే. కొత్త వాయిస్ ఎంచుకున్నప్పుడల్లా అది ఎకోని తనవైపు లాక్కుంటుంది, అంతకుముందు వాడుకున్న ట్రాకు పొడిపొడిగా మిగిలిపోతుంది. "పదిమంది పిల్లలు, ఒకటే దుప్పటి. ఎవరికి కప్పాలో ముందు అనుకో, ఆ తర్వాత వాయిస్ వెతుకు," అని బావ ఎన్నిసార్లు చీవాట్లు పెట్టాడో. తీరా చూస్తే ఈ పాటలో ఏ ట్రాకుకీ ఆ ఎకో లేదు. ఒంట్లో ఓపిక లేక మర్చిపోయాడు కాబోలు అనుకున్నాడు తమ్ముడు.

వరుస మళ్ళీ విన్నాడు. ప్రతి పాదం చివరా చిన్న ఖాళీ ఉంది, కొన్నిచోట్ల పాదం మధ్యలో కూడా. ఊపిరి తీసుకునే చోటు. ఇంకేముంది, ఫ్లూట్. ఫ్లూట్ పెట్టాడు, ఎకో దానికి కప్పాడు, కొత్త పేరుతో సేవ్ చేశాడు. పాత కాపీని చెరపలేదు. ఆ రోజు అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

అక్కని పిలిచాడు. ఆమె కూర్చునే ముందు ఫ్యాన్ ఆపింది. ఆ గదిలో పాట నడుస్తుంటే ఫ్యాన్ తిరగకూడదు. అది ఈ ఇంట్లో బావ పెట్టిన చట్టం. విన్నంతసేపూ ఒళ్ళో చేతులు కదపలేదు.

"బాగుందిరా," అంది చివరికి. "కానీ మీ బావ ఫ్లూట్‌ని ఇంత కిందికి ఎప్పుడైనా దించాడా?"

నిజమే, అంత కింద ఫ్లూట్‌లో గాలి తప్ప ఏమీ పలకదు. బావకి ఆ మాత్రం తెలియదా? గబగబా పాత కాపీ తెరిచి, ఈసారి ఎఫెక్టుల పేజీ చూశాడు. బావ ఎకోని మర్చిపోలేదు. దాన్ని మైకుకి ఇచ్చి పెట్టాడు.

కీబోర్డుకి మైకు తగిలించి ఏళ్ళు గడిచిపోయాయి. ఒకప్పుడు బావ వాయిస్తుంటే అక్క పాడేది, జనం చెవులు కోసుకునేవారు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక స్వరం కిందికి దిగిపోయింది, ఊపిరి నిలవడం మానేసింది. "ఈ గొంతుతోనా," అని అక్క ఆ ముచ్చటకే స్వస్తి చెప్పింది. గిన్నెలు కడుక్కుంటూ తీసే కూనిరాగాలే మిగిలాయి.

ఈ గదిలో కూర్చుని బావ విన్నది అవే. ఆ గొంతు ఎంత దిగిందో అంతే దించి, ఊపిరి ఎక్కడ అందడం లేదో అక్కడ ఆగి, అక్కకి దారి చూపించడానికి వరుస వాయించి పెట్టాడు. అది అక్క పాడాల్సిన పాట.

తమ్ముడు మైకు పేజీ చూపించి, తడబడుతూనే అంతా చెప్పాడు. అక్క తెర దగ్గరికి వంగి చూసింది.

"నన్ను అడగనే లేదు," అంది. "అడిగితే కాదంటానని భయపడి ఉంటాడు. అనేదాన్నే."

అరచేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. తమ్ముడూ ఏడ్చాడు.

కాసేపయ్యాక అతను అలమరలోంచి మైకు తీసి, దుమ్ము తుడిచి తగిలించాడు. అక్క దాని ముందు "ఊఁ" అంది. ఎకో ఆ చిన్న శబ్దాన్ని మెల్లగా సాగదీసింది.

"ఆయన వాయిస్తుంటే పాడాలా?"

"ముందు అలాగే పాడి అలవాటు చేసుకో. రికార్డయ్యాక ఆ ట్రాకు ఆపేస్తాం. రెండూ కలిసి వినిపిస్తే బాగుండదక్కా. అది నీకు దారి చూపించడానికే."

"అంటే నేను పాడితే ఆయన్ని ఆపెయ్యాలి."

వాయించినవాడు పక్క కుర్చీలో ఉండి ఉంటే ఆ మాటకి ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

"మిగతావి ఎవరైనా వాయిస్తారురా. ఇది ఆయన నా బదులు పాడింది. ఆపనివ్వను."

"ఆయన అనుకున్నట్టే ఉండాలన్నావు కదక్కా."

"అన్నాను," అంది అక్క. "నా వల్ల కాదు."

తమ్ముడు ఫ్లూట్ జోలికి మళ్ళీ పోలేదు. బావ కాపీనే ఉంచాడు, పియానో పియానోగానే, ఎకో మైకు దగ్గరే. పాట మొదలుపెట్టాడు. అక్క మైకు ముందే కూర్చుని కళ్ళు మూసుకుంది, పెదవులు విప్పలేదు. బావ ఖాళీ వదిలిన ప్రతిచోటా ఊపిరి తీసుకుంది. ఒక్కచోట కూడా తప్పలేదు. పాట పొడుగునా ఎకోలో వినిపించింది ఆ ఊపిరి ఒక్కటే.